రెండో షీటుకీ మూడో షీటుకీ మధ్య

ఫిబ్రవరి 9, సోమవారం

ఎదుటివాడి తప్పు మీద వేలు పెట్టే ముందు నీ చెయ్యి కడుక్కున్నావా? నిన్నే అడుగుతున్నాను. అటూ ఇటూ చూడకు.

వచ్చే ఆదివారం సంఘంలో నా ప్రసంగం ఇలా మొదలుపెట్టాలి. మెత్తగా మొదలుపెడితే వెనక వరసవాళ్ళు గోడకి జారగిలబడతారు. మొదటి మాటకే వీపులు నిటారుగా లేవాలి.

పిల్లల ఆసుపత్రి షీట్లు ఈరోజు పంపేశాం. మంటలు ఆర్పే నీళ్ళ గొట్టాల స్కీమాటిక్. నేల కింద పంపు నుంచి పై అంతస్తు దాకా ఏ గొట్టం దేనికి కలుస్తుందో, ఎక్కడ ఏ వాల్వు ఉంటుందో చూపించే బొమ్మ. కొలతలుండవు, సంబంధాలే ఉంటాయి. పరిశుద్ధ గ్రంథంలో వంశావళుల్లాంటిది. ఎవడు ఎవణ్ణి కన్నాడో చెబుతుంది గానీ ఎవడు ఎంత పొడుగో చెప్పదు. చాలామంది ఆ అధ్యాయాలు దాటేస్తారు. నేను దాటను.

బొమ్మ బావమరిది గీశాడు. వాడి చెయ్యి మంచిదే, కాకపోతే చాప పరిచినట్టు పరుస్తాడు, ఒక కాగితం మీద పట్టదు. దాన్ని షీట్లుగా కొయ్యడం నా పని. ఈ ఆఫీసులో ఆ పని ఇంకెవరికీ ఇవ్వను. సాఫ్ట్‌వేర్‌లో తల్లి బొమ్మ ఒకటే ఉంటుంది. దాని నుంచి పిల్ల బొమ్మలు పుట్టించాలి. ఒక్కోదానికి చుట్టూ అంచు పెట్టి, కనిపించాల్సినంత మేరే కనిపించేలా చెయ్యాలి. ఒక్కో పిల్లని ఒక్కో షీటు మీద కూర్చోబెట్టాలి. రెండు షీట్లు కలిసే చోట మ్యాచ్‌లైన్: ఇక్కడి నుంచి తర్వాతి షీటు చూడండి, అని. ఇదంతా నాకు ఏ కాలేజీ చెప్పలేదు. వాక్యం ఎలా నేర్చుకున్నానో ఇదీ అలాగే నేర్చుకున్నాను, ఒంటరిగా, దెబ్బలు తింటూ.

మధ్యాహ్నం వాడు కుర్చీ దొర్లించుకుంటూ వచ్చాడు.

“బావా, మూడో షీటులో బొమ్మ టైటిల్ బ్లాక్ ఒళ్ళో కూర్చుంటోంది చూడు.”

“ఈ బస్సుకి కండక్టరు నేనే కదా. సర్దుతాను, నువ్వు పో.”

సర్దాను. మూడో షీటు ఎడమ అంచు కాస్త లోపలికి నెట్టి, పేర్లూ సంతకాలూ ఉండే ఆ మూల పట్టికకి తగలకుండా బొమ్మని పక్కకి జరిపాను. అది సన్నబడితే రెండో షీటు లావుగా కనిపించింది. దాని కుడి అంచూ కాస్త లోపలికి నెట్టాను. మ్యాచ్‌లైన్ మాటలు కొత్త అంచుల పక్కన నేనే టైపు చేశాను. రెండు షీట్లూ కవల పిల్లల్లా కుదిరాయి.

మా ఆఫీసు నడిపే ఇంజనీరు గారు వాటిని చేతిలోకి తీసుకుని, “షీట్లంటే ఇలా ఉండాలయ్యా” అన్నారు.

టైటిల్ బ్లాక్ పట్టికలో ‘గీసినవారు’ అన్న గడిలో బావమరిది పొడి అక్షరాలు వేయించాను. వాడికీ పేరు రావాలి కదా.

ఫిబ్రవరి 15, ఆదివారం

ప్రసంగం బాగా నడిచింది. గొంతు పోయింది.

జులై 6, సోమవారం

ఇన్ని నెలలూ ఇందులో ఏమీ రాయలేదు. సుఖంగా ఉన్నవాడు డైరీ రాయడు.

పిల్లల ఆసుపత్రిలో ఈరోజు నీళ్ళ పరీక్ష. ఇంజనీరు గారూ నేనూ వెళ్ళాం. అన్ని అంతస్తులూ అయ్యాయి, బాగానే ఉంది. పై అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డు. తనిఖీ అధికారి, “ఈ వార్డు ఒక్కదానికే నీళ్ళు ఆపి చూపించండి” అన్నాడు. పైపుల కాంట్రాక్టరు తెల్లమొహం వేశాడు. అక్కడ వాల్వే లేదు.

వాల్వు లేకపోతే ఏమవుతుందో అధికారి మాకే పాఠం చెప్పాడు. రేపు ఆ వార్డులో ఒక గొట్టం కారితే, బాగు చెయ్యడానికి ఆసుపత్రి మొత్తానికి నీళ్ళు కట్టెయ్యాలి. సరిగ్గా ఆ పూటే ఎక్కడైనా నిప్పంటుకుంటే? పైకప్పు విప్పి, గొట్టం కోసి, వాల్వు పెట్టేదాకా ఆసుపత్రి తెరవడానికి వీల్లేదని తేల్చేశాడు.

కాంట్రాక్టరు మన షీట్లు నేల మీద పరిచాడు. “ఇందులో వాల్వు ఎక్కడుందో చూపించండి సార్. చూపిస్తే ఈ కాగితం ఇక్కడే నమిలి మింగేస్తా.”

ఎవరూ చూపించలేకపోయారు. రెండో షీటులో గొట్టం అంచు దాకా వెళ్ళింది. మూడో షీటులో అంచు నుంచి బయల్దేరింది. అంతే.

ఎవరు గీశారని ఇంజనీరు గారు నన్ను అడగలేదు. టైటిల్ బ్లాక్‌లో చదువుకున్నారు.

ఆఫీసుకొచ్చాక బావమరిదిని గదిలోకి పిలిచారు. నేనూ ఉన్నాను.

“నేను పెట్టాను సార్ వాల్వు. నాకు బాగా గుర్తు.”

“నీ గుర్తుని పైకప్పులో బిగించమంటావా? కాగితం మీద లేదు కదయ్యా.”

వాడు నా వైపు తిరిగాడు. “బావా, నువ్వు చెప్పు. మనిద్దరం కూర్చుని చూసుకున్నాం కదా.”

“ఆఫీసులో బావలూ బావమరుదులూ లేరు” అన్నాను. “ఎవరి పేరుంటే వాళ్ళదే బాధ్యత.”

న్యాయంగానే మాట్లాడాను. చుట్టరికం చూసుకుని తూకం తప్పలేదు. ఈ మాట ఇక్కడ రాసుకోవాలి, ఎందుకంటే ఇంట్లో ఆవిడ ఇంకోలా అంటుంది.

జులై 7, మంగళవారం

ఇంకోలానే అంది.

“ఫైలు తెరిచి చూశారా?”

“షీటు కనిపిస్తూనే ఉంది కదా.”

“నేనడిగింది ఫైలు.”

కంచం ముందు పెట్టి వెళ్ళిపోయింది. తమ్ముణ్ణి వెనకేసుకు రాకపోతే అక్క ఎలా అవుతుంది?

తేలేదాకా ఇంట్లోనే ఉండమని వాడికి చెప్పారు. సమయం చూసుకుని వచ్చింది ఈ గొడవ. నదికి అవతల పెద్ద ఆఫీసులో వాడికి ఉద్యోగం దాదాపు ఖాయమైంది. వాళ్ళు ఇంజనీరు గారిని ఒక్క మాట అడగడమే మిగిలింది. భార్యా పాపా వాడూ ఒకే గదిలో ఉంటున్నారు. అవతల రెండు గదుల ఇల్లు కూడా మాట్లాడుకున్నాడు.

జాగ్రత్తగా గీయాల్సింది.

జులై 9, గురువారం

ఆసుపత్రిలో పైకప్పు విప్పుతున్నారట. కాంట్రాక్టరు ఫోన్లో నన్ను ‘పాస్టరు గారూ’ అని పిలిచాడు, వెటకారంగా. నేను పాస్టర్ని కాను, మామూలు విశ్వాసిని, పిలుపు ఉంది కాబట్టి మాట్లాడతాను అని చెప్పాను. “పిలుపు మాకూ ఉంది సార్, ఆసుపత్రి వాళ్ళ దగ్గర్నుంచి, గంట గంటకీ” అన్నాడు.

జులై 10, శుక్రవారం

ఆదివారానికి వాక్యం దానంతటదే దొరికింది. యజమాని అప్పగించిన పనిని నిర్లక్ష్యం చేసిన దాసుడి సంగతి. నేను వెతకలేదు. పుస్తకం అక్కడే తెరుచుకుంది. ఎవరినీ మనసులో పెట్టుకోలేదు.

జులై 12, ఆదివారం

హాలు నిండింది. కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు.

నిప్పు మీద మాట్లాడాను. కాపలా మీద మాట్లాడాను. “ఒక్క గీత మరిచినవాడు ఒక్క గీత కాదు మరిచింది, ఒక పసిప్రాణాన్ని మరిచాడు!” అని బల్ల గుద్దాను. ఆ మాట నేను ముందుగా రాసుకోలేదు, నోటికొచ్చింది. హాలంతా ‘ఆమెన్’ అంది. బావమరిది మూడో వరసలో ఉన్నాడు. ఒళ్ళో పాప. పాప నా గొంతుకి ఉలిక్కిపడి ఏడ్చింది. వాడు చెవులు మూశాడు, తనవి కాదు, దానివి.

అయ్యాక టైలరమ్మ దగ్గరికొచ్చింది. సంఘం మొదలైన నాటి నుంచీ మొదటి వరస ఆవిడదే.

“నిప్పులు కురిపించారయ్యా ఈవేళ. తగలాల్సినవాళ్ళకి తగిలింది.”

“ఎవరికమ్మా?”

“భలేవారే. మాకు తెలీదనుకున్నారా ఏంటి?”

గేటు దగ్గర వాడు కనిపించాడు. మొహం చాటేస్తాడనుకున్నాను.

“బావా, గొంతుకి ఉప్పునీళ్ళు పుక్కిలించు. వచ్చేవారం రెండో భాగం ఉంటుందిగా.”

నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు.

దారిలో ఆవిడ నాకన్నా రెండడుగులు ముందు నడిచింది.

“తల ఎత్తలేదు వాడు. చూశారా?”

“నేను వాక్యాన్ని చూసి మాట్లాడతాను. మనుషుల్ని చూసి కాదు.”

“వాక్యానికి మెడ లేదు, వంగిపోవడానికి. మా తమ్ముడికుంది.”

ఫైలు తెరిస్తే సరి, ఈవిడ నోరు మూతపడుతుంది. రేపే తెరుస్తాను.

జులై 13, సోమవారం

అందరూ భోజనానికి వెళ్ళాక తెరిచాను.

తల్లి బొమ్మలో వాల్వు ఉంది.

రెండు త్రిభుజాలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉండే గుర్తు. పక్కన వాడి గమనిక, వాడి మామూలు చిన్న అక్షరాల్లో: పసికందుల వార్డుకి విడిగా ఆపుటకు.

పిల్ల బొమ్మల అంచులు కనిపించేలా చేశాను. రెండో షీటు అంచు వాల్వుకి ఇవతలే ఆగిపోయింది. మూడో షీటు అంచు వాల్వుకి అవతల మొదలైంది. మధ్యలో వేలెడు సందు. ఆ సందులో వాల్వు. తల్లిలో నిక్షేపంగా ఉంది. ఏ పిల్లలోనూ లేదు.

ఫైలు మూశాను. మంచినీళ్ళు తాగాను. ఇంకో గ్లాసు తాగాను.

జులై 14, మంగళవారం

రాయడానికేమీ లేదు. ఉక్కపోత.

జులై 15, బుధవారం

పొద్దున పుస్తకం తెరిస్తే తోటలో మొదటి మనిషి దగ్గర తెరుచుకుంది. దేవుడు అడిగింది పండు సంగతి, వాడు చెప్పింది పక్కనున్న ఆవిడ సంగతి. మూసి మళ్ళీ తెరిచాను. ఈసారి కీర్తన వచ్చింది. నయం.

ఆలోచించి చూస్తే తప్పు ఒకరిది కాదు. గీసినవాడు అచ్చైన షీటు కూడా ఒకసారి చూసుకోవాలి. ఇంజనీరు గారు సంతకం పెట్టే ముందు చూడాలి. కాంట్రాక్టరు ఇన్ని ఆసుపత్రులకి గొట్టాలు వేశానంటాడు, వార్డుకి వాల్వు లేదేమని నోరు తెరిచి అడగొచ్చు. అందరి తప్పూ ఉంది.

అందరి తప్పూ ఒక మేక తల మీద పెట్టి అడవిలోకి తోలేసే పద్ధతి పాత నిబంధనలో ఉంది. దాని మీద నేను చాలాసార్లు మాట్లాడాను. యాజకుడి చేతులెలా ఉండాలో, జనం ఎలా నిలబడాలో చెప్పాను. అడవిలోకి వెళ్ళాక మేక ఏమైందో ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

జులై 16, గురువారం

పొద్దున్నే వెళ్ళి అంచులు రెండూ బయటికి లాగాను. మ్యాచ్‌లైన్‌ని టైపు చేసిన మాటలుగా కాక తల్లి బొమ్మలోనే గీతగా గీశాను. రెండు షీట్లూ ఆ గీత దాటి ఒకదానిలోకి ఒకటి కాస్త చొచ్చుకొచ్చేలా పెట్టాను. సరిహద్దు మీద పడ్డది రెండు షీట్లలోనూ కనిపించినా నష్టం లేదు, ఏ షీటులోనూ లేకుండా పోకూడదు. ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఆఫీసులో ఎవరు చేరినా ముందుగా నేనే చెప్పే సంగతి. ఆ రోజు రెండు షీట్లూ కవలల్లా కనిపించాలన్న మోజులో పడ్డాను.

రాశాను. ఇక్కడ రాయడం ఎంత తేలికో.

కొత్త షీట్లు ఇంజనీరు గారి బల్ల మీద పెట్టాను.

“వాల్వు చేర్చావా?”

“చేర్చాను సార్.”

చేర్చలేదు. అది ముందే ఉంది. నేను దాని మీద కప్పిన గుడ్డ తీశాను, అంతే. కానీ నోరు ‘చేర్చాను’ అంది. ప్రసంగంలో ఎన్నడూ తడబడని నోరు, ఇక్కడా తడబడలేదు.

“బావమరిది చెడగొడితే బావ వచ్చి బాగుచేశాడన్నమాట” అని ఆయన నవ్వారు. తర్వాత గొంతు తగ్గించారు. “పెద్ద ఆఫీసువాళ్ళు ఫోన్ చేశారయ్యా, మీవాడి గురించి. శనివారం పొద్దున రాగానే చెబుతానన్నాను. ఏం చెప్పమంటావు? నిజం చెబితే వాడికి ఆ ఉద్యోగం పోతుంది. ఇక్కడా ఉంచుకోలేను. నేను అబద్ధమాడలేను కదా. నువ్వు మాత్రం ఆడమంటావా?”

“ఆడమనను సార్” అన్నాను.

నిజం నా నోట్లో ఉంది, ఆయన నా ఎదురుగా ఉన్నారు, తలుపు వేసి ఉంది. ఇంతకన్నా అనువైన చోటు దొరుకుతుందా? బయటికి వచ్చి టీ తాగాను.

జులై 17, శుక్రవారం

మధ్యాహ్నం బావమరిది వచ్చాడు.

“కుర్చీ మీది దిండు తీసుకెళ్దామని. ఇంట్లో నేల మీద కూర్చుని కూర్చుని నడుం పలకలా అయిపోయింది బావా.”

నా తెర మీద ఆసుపత్రి షీట్లు తెరిచి ఉన్నాయి. వాడి కళ్ళు నేరుగా అక్కడికే వెళ్ళాయి. గీసేవాడి కళ్ళు కదా.

“లాగేశావా అంచులు? మంచిపని చేశావు.”

“ఏ అంచులు?”

“ఊరుకో బావా. సార్ దగ్గర తిట్లు తిని వచ్చాక ఆ సాయంత్రమే తెరిచి చూశాను. తల్లిలో ఉంది, పిల్లల్లో లేదు. ఈ ఆఫీసులో షీట్లు కోసేది ఇంకెవరని?”

కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

“మరి చెప్పలేదేం? వెంటనే వెళ్ళి చెప్పొచ్చుగా ఆయనకి!”

వాడి మీదే అరిచాను. అప్పుడు కూడా వాడి మీదే.

“నువ్వు చెబుతావులే అనుకున్నా.” దిండు మోకాలికేసి కొట్టి దుమ్ము దులిపాడు. “ఒక్కరోజు ఆగాను. రెండ్రోజులు ఆగాను. ఇంతలో ఆదివారం వచ్చేసింది. అంతమంది ముందు నువ్వు అంత గట్టిగా మాట్లాడాక, ఇంక నేనేం చెప్పను? నువ్వు నిలబడేవాడివి బావా. నేను కూర్చునేవాణ్ణి. నిలబడ్డవాడు పడితే చప్పుడెక్కువ. అక్క కూడా నీతోపాటే పడుతుంది.”

“పెద్ద ఆఫీసు సంగతి...”

“అదా? మా ఆవిడ సామాన్లు కట్టిన అట్టపెట్టెలు మళ్ళీ విప్పుతోంది. పాపకి భలే సరదాగా ఉంది. ఒక్కో పెట్టెలోనూ దూరి కూర్చుంటోంది.”

దిండు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మెట్ల దాకా వాడి వెనకాలే వెళ్ళాను. కింద వీధి తలుపు పడిన చప్పుడు విని వెనక్కి వచ్చాను.

నా గొంతు మైకు లేకుండా హాలు దాటుతుంది. వాడి గొంతు పక్క బల్ల దాకా కూడా వెళ్ళదు. అంత చిన్న గొంతుని వాడు నా కోసం మింగేశాడు. ఆ పాప నా కేకకి ఉలిక్కిపడినప్పుడు వాడికి నిజం తెలుసు. తెలిసీ దాని చెవులు మూశాడు. నేను బల్ల గుద్దుతూ వాణ్ణి చూస్తూనే ఉన్నాను. చూడలేదని ఆవిడతో బొంకాను.

పైకప్పు మళ్ళీ కట్టేస్తారు. వాల్వు బిగిస్తారు. ఆ ఆదివారాన్ని ఎవరు విప్పుతారు? ఎక్కడ కోసి, ఏం బిగిస్తారు?

జులై 18, శనివారం, పొద్దున

ఆవిడకి చెప్పేశాను. పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అంచులూ, సందూ, ‘చేర్చాను’ అన్న మాటా, నిన్న వాడు అన్నదీ, అన్నీ చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. పొయ్యి ఆపింది.

“ఇంజనీరు గారు ఎన్నింటికి వస్తారు?”

“పదింటికి.”

“రాగానే ఫోన్ చేస్తారు కదూ?”

“ఊఁ.”

“మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నారు?”

ఈ గదిలోకి వచ్చి ఈ డైరీ తెరిచాను. చూడు నీ తెలివి. పారిపోవడానికి చోటు లేకపోతే కాగితంలోకి పారిపోతావు.

రేపు ఆదివారం, రేపు సంఘం ముందు చెబుదాం, పద్ధతిగా, వాక్యంతో కలిపి చెబితే నలుగురికీ మేలు అని లోపల ఒకడు గుసగుసలాడుతున్నాడు. వాణ్ణి నేనెరుగుదును. వాడు ఒప్పుకోలుని కూడా ప్రసంగం చేసేస్తాడు. దాని మీద కూడా ‘ఆమెన్’లు ఏరుకుంటాడు. రేపటికి ఆ ఫోన్ అయిపోయి ఉంటుంది. రేపటికి నదికి అవతల ఆఫీసులో వాడి పేరు కొట్టేసి ఉంటారు. సంఘానికి రేపు చెప్పు, తప్పకుండా చెప్పు. కానీ ముందు ఈ పూట.

నీతో మాట్లాడుతున్నాను, వింటున్నావా? నలుగురి ముందు నోరెత్తి పలికే మనిషీ, నీతోనే. లే. ఈ వాక్యం పూర్తయ్యేదాకా కూడా కూర్చోకు. చొక్కా అదే చాలు. పుస్తకం చంకలో పెట్టుకోకు, ఈ ఒక్కసారికి దాని వెనక దాక్కోకు. పదిలోపు ఆ మెట్లెక్కు. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకునే ముందే తలుపు తోసుకుని వెళ్ళు. “వాల్వు వాడు పెట్టాడు, అంచులు నేను జరిపాను, చేర్చానని మీతో అబద్ధమాడాను” అని చెప్పు. అంతే చెప్పు. వచనం జోడించకు, వివరణ జోడించకు, కన్నీళ్ళు జోడించకు. ఆయన ఎదుటే నిలబడి, అవతలివాళ్ళకి అదే మాట చెప్పించు.

రేపు కాదు. మధ్యాహ్నం కాదు. ఇప్పుడే, కాళ్ళు ఇంకా నీ మాట వింటుండగానే, నడువు.